మెరిస్తే... నకలే!

ప్రపంచ యుద్ధాల నాటి ప్రచార పోస్టర్లకు ఇప్పుడు విదేశాల్లో మంచి గిరాకీ. అసలైనది దొరికితే వేల డాలర్లు పెట్టి కొంటున్నారు. అందుకే నకళ్లూ అంతే జోరుగా తిరుగుతున్నాయి. మరి అసలేదో, తర్వాత అచ్చేసిందేదో తెలుసుకోవడం ఎలా? బాన్సువాడలోని ఓ ఇంట్లో రెండు పోస్టర్లను పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులే తెలిశాయి.

బాన్సువాడలో ఓ పాత ఇల్లు. హాల్లోకి అడుగుపెట్టగానే టీవీకి పైన అద్దాల ఫ్రేములో ఓ పెద్దమనిషి మనవైపే వేలు చూపిస్తుంటాడు. తెల్లగడ్డం, చుక్కల పట్టీ ఉన్న పొడవాటి టోపీ, నీలంరంగు కోటు... అమెరికావాళ్ల 'అంకుల్ శామ్'. సైన్యంలో నువ్వు కావాలి అంటూ మొదటి ప్రపంచ యుద్ధంలో కుర్రాళ్లను పిలిచిన పోస్టరది.

"గీ బొమ్మకు మా మనవడు ఆరు వందల డాలర్లు పెట్టిండు. మన రూపాయల్ల యాభై వేల దాకా. వందేండ్ల కిందటి అసలు కాయితమట. నాకైతే నమ్మబుద్ధి అయితలేదు. మీరే చూసి చెప్పుండ్రి" అన్నారు ఆ ఇంటిపెద్ద. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారాయన. ఊళ్లో అందరికీ 'సారు'.

సారు అనుమానానికి కారణం లెక్కల బుర్ర ఒక్కటే కాదు. ఆ ఇంట్లోనే మరో కాయితం ఉంది. సారు తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, బర్మా సరిహద్దుల్లో లారీ నడిపి, 1946లో ఇంటికొచ్చారు. వస్తూ ఓ రేకు సందూక తెచ్చుకున్నారు. ఏళ్లతరబడి అటకమీదున్న ఆ సందూకను పాత సామాన్లకు వేద్దామని మొన్నామధ్య కోడలు దించారు. లోపలున్నవి తీస్తుంటే అడుగున, బట్టలకు తుప్పు అంటకుండా పరిచిన కాయితం కనిపించింది. తిరగేస్తే... తలపాగా చుట్టుకున్న సిపాయి బొమ్మ! కింద ఉర్దూ అక్షరాలు. సారు చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న ఉర్దూతో కూడబలుక్కుని చదివారు. సైన్యంలో చేరితే జీతం, తిండి, బట్ట ఇస్తారని అందులో ఉంది.

ఒకటి హాల్లో అద్దాల వెనక మెరుస్తోంది. రెండోది పాత సామాన్ల బండి ఎక్కబోయి ఆగింది. రెంటిలో ఏది అసలు? తేల్చే ముందు కాస్త వెనక్కి వెళ్లాలి.

గోడకెక్కి... గోడమీదే పోయి

ఇప్పుడంటే టీవీ, ఫోన్లు ఉన్నాయి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు రేడియో కూడా ఇళ్లలోకి రాలేదు. జనాన్ని కదిలించాలంటే ప్రభుత్వాలకు గోడలే దిక్కు. సైన్యంలో చేరండి, యుద్ధ రుణపత్రాలు కొనండి, తిండి వృథా చేయకండి, గుట్టు బయట మాట్లాడకండి... ఇలా ప్రతిదానికీ ఓ పోస్టరు.

అమెరికా యుద్ధంలోకి దిగింది 1917లో. రెండేళ్లకు కాస్త ఎక్కువ కాలంలోనే దాదాపు 2,500 రకాల పోస్టర్లు గీయించి, సుమారు 2 కోట్ల ప్రతులు వేశారని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చెబుతోంది. ఒక్క అంకుల్ శామ్ పోస్టరే 40 లక్షలకు పైగా అచ్చయింది. దాన్ని గీసిన జేమ్స్ మాంట్‌గోమరీ ఫ్లాగ్, అంకుల్ శామ్ ముఖానికి తన ముఖాన్నే నమూనాగా వాడుకున్నాడు. ఆ వేలు చూపించే భంగిమ మాత్రం ఆయన సొంతం కాదు. అంతకుముందే 1914లో బ్రిటన్‌లో ఆల్ఫ్రెడ్ లీట్ అనే చిత్రకారుడు లార్డ్ కిచెనర్ బొమ్మను అలాగే గీశాడు.

అన్ని లక్షలు వేస్తే ఇవాళ అరుదెందుకయ్యాయి? పోస్టరును ఎవరూ దాచుకోవడానికి వేయరు కదా! మన సినిమా పోస్టర్ల సంగతే చూడండి. శుక్రవారం అంటిస్తారు, వారం తిరిగేసరికి దానిమీద ఇంకోటి పడుతుంది. మైదాపిండి జిగురుతో గోడకు అతుక్కున్నది గోడతోనే పోతుంది. యుద్ధం పోస్టర్లదీ అదే గతి. చవక కాయితం, తొందర అచ్చు, కొన్ని వారాల ఆయుష్షు. ఏ గుమాస్తా బల్ల సొరుగులోనో, పోస్టాఫీసు మూలనో గోడకెక్కకుండా మిగిలిపోయినవే మనదాకా వచ్చాయి.

ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు, సగం పరీక్ష పాసైనట్టే. అసలు పోస్టరు బీదగా ఉంటుంది. దర్జాగా, దళసరిగా, తళతళలాడుతూ కనిపించేదాన్నే ముందు అనుమానించాలి.

మన దగ్గరా యుద్ధం వాసన

ఈ గొడవంతా ఎక్కడో ఇంగ్లండు, అమెరికాలదే అనుకోనక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పాతిక లక్షలమంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. వాళ్లను చేర్చుకోవడానికి, ప్రజల దగ్గర డబ్బు పోగుచేయడానికి ఇక్కడా ప్రచారం జరిగింది. 1940లో డిఫెన్స్ సేవింగ్స్ సర్టిఫికెట్లను పోస్టాఫీసుల్లో అమ్మారు. రెండు యుద్ధాల్లోనూ భారతీయ భాషల్లో పోస్టర్లు వేశారు. అలాంటివి కొన్ని లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి.

హైదరాబాద్ సంస్థానానిదైతే ఇంకా దగ్గరి చుట్టరికం. మొదటి యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు నిజాం ఇచ్చిన డబ్బుతోనే విమానాలు సమకూరాయి. అందుకే దానికి 'హైదరాబాద్' పేరు పెట్టారు. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ అదే పేరు. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 1941లో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరిన ఓ యుద్ధనౌక పేరే 'నిజాం'. ఇక 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖలో ఇళ్లకు తాళాలు వేసి జనం పల్లెలకు తరలిపోయారు.

అయితే అప్పట్లో మన ఊళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ. అక్షరం కన్నా బొమ్మ, బొమ్మ కన్నా పాట ఎక్కువ పనిచేసేవి. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఫాసిజానికి వ్యతిరేకంగా ఊరూరా బుర్రకథలు చెప్పింది. పైగా మన ఎండలు, వానలు, చెదపురుగులు కాయితాన్ని బతకనివ్వవు. కాబట్టి ఓ ఇంటి సందూకలో ఆ కాలం కాయితం దొరికిందంటే... దాన్ని పారేసే ముందు ఒకటికి రెండుసార్లు చూడాల్సిందే.

అంటించని పోస్టరు కథ

నకళ్ల సంగతి చెప్పుకోవాలంటే ముందు చెప్పాల్సింది 'కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్' గురించి. ఎర్రటి కాయితం, పైన కిరీటం, కింద తెల్లటి అయిదు మాటలు. కాఫీ కప్పులు, టీషర్టులు, దిండు గలీబులు, తాళంచెవుల గొలుసులు... దాన్ని చూడనివాళ్లు తక్కువ. "రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ గోడల నిండా ఇదే" అని చాలామంది అనుకుంటారు.

నిజానికి అది గోడకెక్కిందే తక్కువ! 1939లో యుద్ధం మొదలయ్యే రోజుల్లో బ్రిటన్ ప్రభుత్వం మూడు పోస్టర్లు తయారుచేసింది. ఈ మూడోదాన్ని దాదాపు 24.5 లక్షల ప్రతులు వేసి గిడ్డంగుల్లో పెట్టింది. పెద్దఎత్తున బాంబుదాడులు జరిగితే అప్పుడు అంటిద్దామని. ఈలోగా మిగతా రెండు పోస్టర్ల మీద జనం పెదవి విరిచారు. కాయితానికి కరవొచ్చింది. 1940లో ఆ కట్టలన్నీ గుజ్జు కింద మారిపోయాయి.

మళ్లీ అరవై ఏళ్లకు గానీ దాని ఊసు లేదు. 2000లో ఇంగ్లండులోని ఆల్నిక్ అనే ఊళ్లో, పాత రైల్వేస్టేషన్‌లో నడిచే 'బార్టర్ బుక్స్' అనే దుకాణంవాళ్లు వేలంలో కొన్న పుస్తకాల పెట్టె విప్పితే అడుగున ఒకటి దొరికింది. ఫ్రేము కట్టించి గోడకు పెట్టారు. వచ్చినవాళ్లంతా "మాకూ కావాలి" అంటుంటే 2001 నుంచి నకళ్లు వేసి అమ్మారు. అలా ప్రపంచమంతా పాకింది. 2012లో ఓ మహిళ తన తండ్రి దాచిన సుమారు పదిహేను అసలు ప్రతులను ఓ టీవీ కార్యక్రమానికి తెస్తే అదే పెద్ద వార్తయింది. అంటే ఎవరైనా "ఇది అసలు" అంటూ ఆ పోస్టరు చూపిస్తే, కాదనుకుని మొదలుపెట్టడమే మంచిది.

పిడికిలి బిగించి చొక్కా చేయి మడిచిన, ఎర్ర రుమాలు కట్టుకున్న అమ్మాయి పోస్టరుదీ ఇలాంటి కథే. 'మనం చేయగలం' అని చెప్పే ఆ బొమ్మను జె.హోవర్డ్ మిల్లర్ వెస్టింగ్‌హౌస్ కంపెనీ కోసం గీశాడు. వేసినవి 1,800కు మించవు. 1943 ఫిబ్రవరి 15 నుంచి 28 దాకా, రెండు వారాలపాటు ఆ కంపెనీ ఫ్యాక్టరీల్లో పెట్టి తీసేశారు. నలభై ఏళ్లపాటు అందరూ మర్చిపోయారు. 1980ల్లో మళ్లీ వెలుగులోకి వచ్చాక లెక్కలేనన్ని నకళ్లు పుట్టుకొచ్చాయి. అసలు ప్రతిలో ఎడమవైపు అడుగున, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అంటించాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాపం, ఆ రెండు వారాల గడువే దాని ఆయుష్షు అని రాసిపెట్టారన్నమాట!

మొదటి పరీక్ష... టేపు

ఇక బాన్సువాడ ఇంటికొద్దాం. సారు ఫ్రేము దించి, వెనక మేకులు ఊడదీసి, పోస్టరును మంచంమీద దుప్పటి పరిచి పెట్టారు. కోడలు కుట్టుమిషను దగ్గరి టేపు తెచ్చారు.

ఆ కాలంలో పోస్టర్ల కొలతలు ఇష్టమొచ్చినట్టు ఉండేవి కావు. బ్రిటన్‌లో 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు బాగా వాడుకలో ఉన్న కొలత. రెండో యుద్ధంలో అమెరికా ప్రభుత్వ పోస్టర్లలో చాలావరకు 22కు 28, 28కి 40 అంగుళాలు. ఫ్లాగ్ గీసిన అంకుల్ శామ్ 1917 ప్రతి సుమారు 30కి 40 అంగుళాలుంటుంది. అంటే ఓ చిన్న కిటికీ అంత! సారు ఇంట్లోది కొలిస్తే... 18కి 24. ఇవాళ బజార్లో రెడీమేడ్ ఫ్రేముల్లో సరిగ్గా ఇమిడే కొలత.

"అంచులు కత్తిరించిండ్రేమో?" అన్నారు సారు. మంచి ప్రశ్నే. కొందరు అంచులు కత్తిరించి ఫ్రేము కడతారు. కానీ అప్పుడు బొమ్మ కూడా తెగాలి. ఇక్కడ బొమ్మ మొత్తం ఉంది, చిన్నదైంది. అంటే ఎక్కడో ఫోటో తీసి, కుదించి వేశారు.

కొలత తర్వాత చూడాల్సింది అడుగు గీత. అచ్చేసినవాళ్ల పేరు, నంబరు, ఏడాది చిన్న అక్షరాల్లో అక్కడ ఉంటాయి. అంకుల్ శామ్ అసలు ప్రతిలో న్యూయార్క్‌కు చెందిన లెస్లీ-జడ్జ్ కంపెనీ పేరుంటుంది. రెండో యుద్ధంలో అమెరికావి చాలావరకు ప్రభుత్వ ముద్రణాలయం పేరు, ఏడాదితో ఉంటాయి. సోవియట్ పోస్టర్లయితే ఎన్ని ప్రతులు వేశారో, ధరెంతో కూడా వేసేవారు. విశాలాంధ్ర బండి దగ్గర మాస్కో పుస్తకాలు కొన్నవాళ్లకు ఆ అలవాటు తెలిసిందే. సోవియట్ యూనియన్‌లోనే తర్వాతి దశాబ్దాల్లో పాత పోస్టర్లు మళ్లీ వేశారు. ఆ ఏడాది అడుగు గీతలోనే దొరుకుతుంది.

నకలు వేసిన ప్రతివాడూ మోసగాడు కాదు. మ్యూజియాలే తమ దుకాణాల్లో నకళ్లు అమ్ముతాయి. వాటిమీద 'ఇది పునర్ముద్రణ' అని వేస్తాయి. మోసం మొదలయ్యేది ఆ గీతను కత్తెరతో తీసేసిన చోట! అడుగున ఉండాల్సిన అంచు మిగతా మూడువైపులకన్నా సన్నగా ఉంటే అనుమానించాల్సిందే.

అవుసులాయన అద్దం

రెండో పరీక్షకు బజార్లోని అవుసులాయన దగ్గర్నుంచి అద్దం అరువు తెచ్చాం. బంగారం నగిషీ చూసుకునే చిన్న భూతద్దం. పది రెట్లు పెద్దది చేసి చూపిస్తే చాలు.

ముందు మీరో పని చేయండి. మీ ఇంట్లో ఏ వార్తాపత్రికలోనైనా రంగుల ఫోటోను భూతద్దంతో చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు... నాలుగు రంగుల చుక్కలు ముగ్గువేసినట్టు వరుసగా కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే కళ్లు ఆ చుక్కలన్నింటినీ కలిపేసుకుని ఓ బొమ్మగా చూస్తాయి. ఆఫ్‌సెట్ అచ్చు కిటుకంతా అదే.

పాత పోస్టర్లలో చాలావాటిని అలా వేయలేదు. చిత్రకారుడి బొమ్మను రాతి పలకమీదో, జింకు రేకుమీదో చేత్తో గీసేవారు. ఎర్రకు ఓ పలక, నీలానికి ఓ పలక, నలుపుకు ఓ పలక. ఒకదాని తర్వాత ఒకటి కాయితంమీద ఒత్తేవారు. దీన్నే లిథో అంటారు. అద్దంతో చూస్తే సుద్దముక్కతో రాసినట్టు వరసావావీ లేని గరుకు కనిపిస్తుంది. రంగు పూర్తిగా నిండినచోట చుక్క అనేదే ఉండదు. ఒక్కోసారి రెండు రంగులు కలిసేచోట కాస్త జరిగి, సన్నటి తెల్లగీత మిగిలిపోతుంది.

ఇక్కడో జాగ్రత్త. చుక్కలుంటే నకలే అని తీర్పు చెప్పేయకూడదు. రెండో యుద్ధం నాటికి ఫోటోలను చుక్కలతో వేయడం మామూలే. అందుకని బొమ్మను కాదు, అక్షరాలను చూడాలి. అసలు ప్రతిలో పెద్ద అక్షరాలు ఒకే రంగుతో, కత్తితో కోసినట్టు నిండుగా ఉంటాయి. నకలు వేసేవాడు పోస్టరు మొత్తాన్ని ఫోటో తీస్తాడు కాబట్టి అక్షరాలు కూడా చుక్కలుగా పగిలిపోతాయి. ఇంట్లో ప్రింటరుతో వేస్తే తుంపర చల్లినట్టు కనిపిస్తుంది.

సారు ఫ్రేములోని అంకుల్ శామ్ కింద ఎర్రటి అక్షరం మీద అద్దం పెట్టాం. గులాబీ చుక్కలు, పసుపు చుక్కలు, మధ్యమధ్యన నల్లవి! సందూకలోని కాయితంమీద పెట్టాం. ఉర్దూ అక్షరాలు నల్లగా, నిండుగా ఉన్నాయి. సిపాయి బుగ్గమీద సుద్ద గరుకు. తలపాగా దగ్గర ఎరుపు కాస్త పక్కకు జరిగింది.

"అంత తొందరల ఒత్తిండ్రన్నట్టు" అన్నారు సారు.

నోట్ల దీపం

మూడో పరీక్షకు వాడింది బట్టల దుకాణంవాళ్లు దొంగనోట్లు పట్టుకోవడానికి పెట్టుకునే ఊదారంగు దీపం. యూవీ లైటు అంటారే, అదే.

తెల్లబట్టలకు టినోపాల్ పెట్టడం మన ఇళ్లలో తెలిసిందే. ఆ జాతి రసాయనాలనే కాయితం తెల్లగా మెరవడానికి మిల్లుల్లోనూ కలుపుతారు. 1950 ప్రాంతం నుంచే కాయితంలో వాటి వాడకం పెరిగింది. వాటికో గుణం ఉంది. కంటికి కనపడని యూవీ కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా బయటికి వదులుతాయి. పెళ్లి డీజే దగ్గర తెల్లచొక్కాలు నీలంగా వెలగడం చూశారు కదా, అదే! అంటే 1917 నాటి కాయితం ఆ దీపం కింద అలా మెరవకూడదు.

కిటికీలు మూసి, దీపం వెలిగించాం. అంకుల్ శామ్ చుట్టూ తెల్లటి అంచు ట్యూబులైటులా నీలంగా వెలిగింది. సందూక కాయితం మాత్రం మసకగా, మట్టిరంగులో అలాగే ఉండిపోయింది. అప్పుడు చూడాలి కోడలి ముఖం! పాత సామాన్లకు వేయబోయింది దీన్నే కదా మరి.

ఇక్కడా ఓ మెలిక ఉంది. మెరవనిదల్లా పాతది కాదు. ఆ రసాయనం కలపని కాయితం ఇవాళా దొరుకుతుంది. అలాగే అసలు పోస్టరుకు ఎవరైనా కొత్త కాయితంతో వెనక అతుకు వేస్తే ఆ అతుకు మెరుస్తుంది. ముందువైపు, వెనకవైపు విడివిడిగా చూడాలి.

మడతలు చెప్పే నిజం

అప్పట్లో చాలా పోస్టర్లను మడతపెట్టి పోస్టులో పంపేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మడతమీద రంగు రాలి, కింద కాయితం కనిపిస్తుంది. వేలు పెడితే తగులుతుంది. నకలులోనూ మడతలుంటాయి, కానీ బొమ్మలో! అసలు ప్రతిని ఫోటో తీసినప్పుడు దాని మడతలు, మరకలు కూడా అచ్చయిపోతాయి. సారు అంకుల్ శామ్‌కు నడుం దగ్గర అడ్డంగా ఓ మడత గీత ఉంది. కళ్లు మూసుకుని వేలితో రాస్తే ఏమీ తగల్లేదు. నున్నగా ఉంది.

దీనికో చక్కటి చిట్కా ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి సంస్థలు పాత పోస్టర్ల ఫోటోలను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాయి. నకళ్లు వేసేవాళ్లలో చాలామంది అక్కడి నుంచే తీసుకుంటారు. మీ దగ్గరున్న పోస్టరును ఆ ఫోటోతో పోల్చి చూడండి. అక్కడ ఏ మూల మరక ఉందో మీ పోస్టరులోనూ సరిగ్గా అక్కడే ఉంటే ఇక చెప్పేదేముంది? ఇద్దరు మనుషులకు ఒకేచోట పుట్టుమచ్చ ఉండొచ్చేమో గానీ, రెండు కాయితాలకు ఒకేచోట టీ మరక పడదు.

టీ అంటే గుర్తొచ్చింది. కొత్త కాయితాన్ని టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే పాతదానిలా కనిపిస్తుంది. అయితే ఆ గోధుమరంగు అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా పాతబడ్డ కాయితం గాలి తగిలే అంచుల నుంచి లోపలికి రంగు మారుతుంది. మడత లోపల దాగిన భాగం తేటగా ఉంటుంది. అంచులు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతాయి.

పురుగులూ సాక్ష్యం చెబుతాయి. మడిచి ఉన్న కాయితాన్ని పురుగు కొడితే చిల్లు అన్ని పొరల్లోంచీ పోతుంది. విప్పితే మడతకు అటూఇటూ అద్దంలో చూసినట్టు జంట చిల్లులు కనిపిస్తాయి. సందూక కాయితం రెండు మడతలుగా పరిచి ఉంది. విప్పితే సిపాయి భుజం దగ్గర నాలుగు చిల్లులు. సరిగ్గా జంటలుగా!

సారుకు మరో సంగతి తట్టింది. కాయితం వెనక ఆరు తుప్పు మరకలున్నాయి. ఆయన లేచివెళ్లి సందూకను వాకిట్లోకి తెప్పించారు. కాయితాన్ని ముందులాగే మడిచి అడుగున పెట్టి, అంచు నెమ్మదిగా ఎత్తి చూశారు. సందూక అడుగున ఆరు మేకుల తలలు. ఆరు మరకలూ వాటిమీదే కూర్చున్నాయి. లెక్క తేలిన విద్యార్థిలా నవ్వారు సారు.

నిజానికి ఈ మరకలు చెప్పేది, ఆ కాయితం చాలాకాలం ఆ పెట్టెలోనే ఉందని మాత్రమే. ఏ ఒక్క పరీక్షా దానంతటదే చాలదు. కొలత, అడుగు గీత, అచ్చు, కాయితం, మడత, ఎక్కడి నుంచి వచ్చిందన్న కథ... అన్నీ ఒకేమాట చెప్పాలి. ఇక్కడ అడుగు అంచు చిరిగిపోయింది, అచ్చేసినవాళ్ల పేరు లేదు. కాబట్టి ఆఖరి మాట నిపుణులదే. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత వస్తువుల సంరక్షణ విభాగం ఉంది. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో నిజాం కాలం కాయితాలు చూసి చూసి పండినవాళ్లుంటారు. ధర కట్టించడం కన్నా ముందు అక్కడ చూపించడం మేలు.

లామినేషన్ వద్దు!

పాత కాయితం దొరగ్గానే చాలామంది చేసే పని జిరాక్స్ సెంటర్‌కు పరిగెత్తి లామినేషన్ చేయించడం. అంతకన్నా పెద్ద తప్పు లేదు. ఆ వేడికి రంగు దెబ్బతింటుంది. ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. ఇంకా...

* చిరుగులకు సెల్లోటేపు వేయొద్దు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై కాయితంలోకి దిగుతుంది.
* మడతలు పోవాలని ఇస్త్రీ చేయొద్దు. తడిబట్టతో తుడవొద్దు.
* ఎండ పడే గోడకు పెట్టొద్దు. ముందుగా పోయేది ఎరుపు రంగే.
* ప్లైవుడ్‌కో, అట్టకో అంటించొద్దు. ఫ్రేము కట్టిస్తే అద్దం కాయితానికి తగలకుండా చూడాలి.
* ముందుగా ఫోన్‌తో రెండువైపులా ఫోటోలు తీసిపెట్టుకోండి. తర్వాత మరీ మడవకుండా, శుభ్రమైన తెల్లటి నూలుబట్ట మధ్య, పొడిగా ఉండేచోట పరిచి ఉంచండి.
* ఎవరి ద్వారా వచ్చింది, ఎక్కడ దొరికింది అన్నది ఓ కాయితంమీద రాసి పక్కన పెట్టండి. పోస్టరుకు సగం విలువ ఆ కథదే.

కొనేవాళ్లకూ ఓ మాట. అమ్మేవాడు 'అసలు' అంటే ఆ మాటే రసీదుమీద ఏడాదితో సహా రాసిమ్మనండి. కాదని తేలితే డబ్బు వాపసిస్తానని కూడా. నిజం చెప్పేవాడు రాసిస్తాడు. మిగతావాళ్లు మాట మారుస్తారు.

ఇంతకీ ధరెంత?

ఆ రాత్రి అమెరికాలోని మనవడికి ఫోన్ వెళ్లింది. విషయం విని కాసేపు మాట్లాడలేదట. "వాపస్ చేస్తా తాతా" అన్నాడట. అమ్మినవాడు వారాంతపు సంతలో టేబుల్ వేసుకున్నవాడు, రసీదు కూడా లేదు. ఇక వాపసెక్కడ? "బొమ్మ మంచిగనే ఉన్నది. ఉండనియ్యిరా. ఆరు వందల డాలర్ల పాఠం అనుకో" అన్నారు సారు. అంకుల్ శామ్ మళ్లీ టీవీ పైకి ఎక్కాడు.

సందూక కాయితాన్ని ఉతికిన తెల్ల పంచె మధ్య పెట్టి బీరువాలో దాచారు. పక్కన సారు దస్తూరీతో ఓ చీటీ... తండ్రి పేరు, సైన్యం నుంచి తిరిగొచ్చిన ఏడాది, సందూక సంగతి.

"దీనికి ఎంత వస్తదంటరు మామయ్యా?" అని కోడలు అడిగారు. సారు వెంటనే జవాబు చెప్పలేదు.

"మా నాయిన ఎందుకు ఫౌజుల చేరిండో ఎన్నడూ చెప్పలే. అడిగితే నవ్వెటోడు. గీ కాయితం చూసే పోయిండేమో! జీతం, తిండి, బట్ట... గంతే గద రాసున్నది. ఆ దినాలల్ల అదే ఎక్కువ" అన్నారు కాసేపటికి.

సందూకను మాత్రం ఇప్పుడెవరూ పాత సామాన్లకు వేద్దామనడం లేదు.